కొత్త బాక్స్‌లో నెట్‌ఫ్లిక్స్ మసకగా రావడం గురించి

టీవీకి తగిలించుకునే మీ ఆండ్రాయిడ్ బాక్స్ మీద 4కె (బాగా స్పష్టంగా ఉండే వీడియో) అని ఉంది, యూట్యూబ్ బాగానే వస్తోంది, నెట్‌ఫ్లిక్స్ మాత్రం మసకగా ఉంది అన్నారు కదా, నెట్ స్పీడ్‌ని తిట్టుకోకండి, యూట్యూబ్‌లో 4కె ఆడుతోందంటే నెట్ బాగున్నట్టే. అసలు సంగతి వైడ్‌వైన్ లైసెన్స్, అంటే వీడియోలు కాపీ కొట్టకుండా గూగుల్ పెట్టిన తాళం లాంటిది, దీన్నే డీఆర్ఎం అంటారు. డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ వేసి చూడండి, సెక్యూరిటీ లెవెల్ ఎల్3 (అన్నిటికన్నా తక్కువ రక్షణ; ఎల్1 అన్నిటికన్నా ఎక్కువ) అని ఉంటే ఆ బాక్స్‌కి నెట్‌ఫ్లిక్స్ 480పి, అంటే పాత డీవీడీ పాటి స్పష్టత, దాటి ఇవ్వదు, మీరు సెట్టింగ్స్ ఎన్ని మార్చినా అంతే. చవక బాక్సుల్లో చాలావాటిలో ఉండేది అసలు ఆండ్రాయిడ్ టీవీ కాదు, ఫోన్ల ఆండ్రాయిడ్‌కే టీవీ వేషం వేసి అమ్ముతారు, ఎల్3 ఎక్కువగా కనబడేది వీటిలోనే (నేనూ ఒకటి కొని మోసపోయాను, ఇప్పుడది అటక మీద ఉంది). ఎల్1 అని వస్తే మాత్రం మీ ప్లాన్ చూడండి, 4కె నెట్‌ఫ్లిక్స్ ప్రీమియం ప్లాన్‌లోనే వస్తుంది. టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకి హెచ్‌డీసీపీ 2.2 (కేబుల్‌లో వెళ్ళే వీడియోని కాపీ కాకుండా చూసే రక్షణ, ఇది లేకపోతే 4కె రాదు) ఉందో లేదో కూడా చూడండి, పాత టీవీల్లో ఒక్కోసారి ఒక్క పోర్టుకే ఉంటుంది.

ఎల్3 అయితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి. ఈసారి కొనేది నెట్‌ఫ్లిక్స్ సర్టిఫైడో (నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే పరీక్షించి ఒప్పుకున్నదో) కాదో ముందే అడిగి కొనండి.