ఇంటర్ అయ్యాక ఏడాది జర్మనీ వెళ్తానంటోంది, పంపమంటారా?

మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాను. మా అమ్మాయికి ఫిబ్రవరిలో 18 నిండాయి. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకి దగ్గర్లోని కాలేజీల్లోనే సీఎస్‌ఈ వస్తుందంటున్నారు. తనేమో ఇప్పుడే కాలేజీలో చేరనంటోంది. జర్మనీలో ఒక కుటుంబంతో ఏడాది ఉండి, వాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ, భాష నేర్చుకుని వస్తుందట. దాన్ని ఓపేర్ అంటారట. ఆరు నెలలుగా ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుంటోంది. ఫ్రిజ్ మీద, తలుపుల మీద, చివరికి కందిపప్పు డబ్బా మీద కూడా జర్మన్ పేర్లు రాసి చీటీలు అంటించింది. ‘సీఎస్‌ఈ సీటు వదులుకుని పరాయి ఇంట్లో ఆయాగా చేస్తావా’ అని వాళ్ళమ్మ పది రోజులుగా దానితో మాట్లాడటం లేదు. ఏడాది వేస్ట్ అని బంధువులందరూ అంటున్నారు. మ్యూనిక్‌లో ఉన్న మా బావమరిది తన ఇంట్లోనే ఓపేర్‌గా ఉండొచ్చంటున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు నాలుగున్నర లక్షలు కడితే వీసా గ్యారంటీ అన్నారు. వెళ్ళాక అక్కడే యూనివర్సిటీలో చేర్పిస్తారట. అడ్వాన్స్ వచ్చే వారంలోగా కట్టాలి. సీఎస్‌ఈ పోతుందేమోనని ఒక టెన్షన్, కాదంటే పిల్ల మనసు విరిగిపోతుందేమోనని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

నమస్కారమండి. ముందు ఆ అడ్వాన్స్ సంగతి. కట్టకండి.

వీసా ఇచ్చేది ఆ దేశపు కాన్సులేట్. గ్యారంటీ ఇవ్వగలిగిన వాళ్ళు బయట ఎవరూ లేరు. జర్మనీలోని ఏజెన్సీ ఏదైనా సరే, కుటుంబాన్ని వెతికిపెట్టినందుకు ఓపేర్ దగ్గర 150 యూరోలకు మించి తీసుకోకూడదని అక్కడి నిబంధన. మన డబ్బుల్లో ఇంచుమించు పదిహేను వేలు. దాని పక్కన నాలుగున్నర లక్షలు పెట్టి చూడండి. యూనివర్సిటీలో చేర్పిస్తామన్న మాటా నిలబడదు. ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే అక్కడ బ్యాచిలర్స్‌లో నేరుగా సీటు రాదు. ఇక్కడ డిగ్రీలో కనీసం మొదటి ఏడాది పూర్తి చేసిన వాళ్ళకో, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించిన వాళ్ళకో ఆ దారి ఉంటుంది.

మీ బావమరిది మంచి మనసుతోనే అన్నారు. కానీ బంధువుల ఇంట్లో ఓపేర్‌గా ఉండటానికి ఒప్పుకోరు. ఇంట్లో జర్మన్ మాట్లాడే కుటుంబం కావాలి, ఎందుకంటే ఆ వీసా ఇచ్చేదే భాష, అక్కడి జీవితం నేర్చుకోవడానికి. అలాగని ఆయన సాయం లేకుండా పోదు. నెలకోసారి అమ్మాయిని చూసొచ్చే మేనమామ అదే దేశంలో ఉండటం చిన్న విషయం కాదు.

ఇక ఏడాది వేస్ట్ అన్న మాట. మన గుంటూరు, విజయవాడల్లో ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఎన్ని ఇళ్ళల్లో పిల్లలు ఇంటర్ తర్వాత ఏడాది ఆగడం లేదు? దానికి మనం లాంగ్ టర్మ్ అని పేరు పెట్టుకున్నాం. ఒకసారి రాకపోతే రెండోసారి కూడా కోచింగ్ హాస్టల్లో పెడతాం, లక్షలు కడతాం. దాన్ని వేస్ట్ అని ఏ బంధువూ అనడు. రెండేళ్ళు అలా చేసిన ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. డాక్టర్ కావాలన్నది నీ కోరికేనా అని అడిగాను. జవాబు చెప్పకుండా హాస్టల్ ట్రంకు పెట్టె తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ‘నన్నెవరూ అడగలేదు మేడమ్’ అన్నాడు. నాకు వేస్ట్ అంటే గుర్తొచ్చేది ఆ అబ్బాయి రెండేళ్ళే.

మీ వ్యాపారంలో మాటే చెప్తాను. రేటు లేనప్పుడు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టిస్తారు. నెలల తరబడి ఆగినా సరుకు పోయిందని ఎవరూ అనరు. కాకపోతే తేమ ఆరని కాయ లోపల పెడితే తీసేసరికి బూజు పట్టి ఉంటుందని నాకంటే మీకే బాగా తెలుసు. మీ అమ్మాయి విషయంలోనూ చూడాల్సింది అదే. ఎంతకాలం ఆగుతుందని కాదు, ఏ స్థితిలో వెళ్తోందని.

ఉత్తరం చదివాక నా మొగ్గు పంపడం వైపే ఉంది. కారణం ఆ చీటీలు. మీరు మాటవరసకు రాసినట్టున్నారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు, ఈఏపీసెట్ అన్నీ పెట్టుకుని, ఎవరూ చెప్పకుండా ఆరు నెలలు ఒక భాష పట్టుకుని కూర్చుంది. ఊరికే విదేశం మోజు అయితే మొదటి నెలలోనే చల్లారేది. పప్పు డబ్బా దాకా వచ్చిందంటే ఆ పిల్ల గట్టిగానే అనుకుంది.

అయినా ఒక అనుమానం ఉంది, దాన్ని తీర్చుకోకుండా ముందుకు వెళ్ళొద్దు. మీ ఉత్తరంలో సీఎస్‌ఈ అన్న మాట మూడుసార్లు ఉంది. అది అమ్మాయికి ఇష్టమో కాదో ఒక్కచోటా లేదు. ఈ ఏడాది వెళ్ళి వచ్చాక ఏం చదవాలనుకుంటోంది? అడిగారా? రెండేళ్ళు తెల్లవారకముందు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్‌లో నలిగిన పిల్లలు చాలామంది ‘ఎక్కడికైనా పోవాలి’ అంటారు. వాళ్ళకి కావాల్సింది విశ్రాంతి. రెండు నెలలు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతే మామూలైపోతారు. మీ అమ్మాయిది అలాంటి అలసటా, నిజంగానే ఈ ఏడాది కావాలన్న కోరికా అన్నది ‘ఇప్పుడే ఎందుకు?’ అని నెమ్మదిగా అడిగితే బయటపడుతుంది. ఓపేర్‌గా 18 నుంచి 26 ఏళ్ళ వరకు వెళ్ళొచ్చు, బీటెక్ అయ్యాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. మన పిల్లల్ని కొంతకాలం పని చేసుకుంటూ ఉండనిచ్చే మిగతా దేశాల పథకాలు కూడా ఎక్కువగా చదువు అయ్యాకే. బ్రిటన్‌ది డిగ్రీ ఉన్నవాళ్ళకే, ఆస్ట్రేలియాది ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళు చదివిన వాళ్ళకే. కాబట్టి ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదని తను అనుకుంటుంటే ఆ భయం తీసేయండి. ఆ భయం పోయాక కూడా ఇప్పుడే వెళ్తానంటే, ఎందుకో చెప్పగలిగితే, ఆ మాటకు విలువివ్వండి.

మీ భయం సీటు గురించి కదా, దాని లెక్క ఇది. ఈఏపీసెట్ ర్యాంకు ఈ ఏడాది అడ్మిషన్లకే పనికొస్తుంది, వచ్చే ఏడు మళ్ళీ రాయాలి. ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఎక్కడికీ పోదు, మిగతా 75 శాతం పరీక్షలో తెచ్చుకోవాలి. జేఈఈ మెయిన్ అయితే ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరసగా మూడేళ్ళు రాయొచ్చు. చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఈఏపీసెట్ మామూలుగా మేలో ఉంటుంది. ఓపేర్ ఒప్పందం ఆరు నెలలకు తగ్గకుండా, ఏడాదికి మించకుండా చేసుకోవాలి. అక్టోబరులో వెళ్ళి పన్నెండు నెలలూ ఉంటే మే పరీక్ష పోతుంది, అప్పుడు ఒకటి అనుకున్నది రెండేళ్ళవుతుంది. ఏప్రిల్ మొదట్లో తిరిగొస్తే పరీక్ష దొరుకుతుంది, కానీ చదవడానికి మిగిలేది కొన్ని వారాలే. పైగా చాలా కుటుంబాలు ఎక్కువకాలం ఉండే అమ్మాయినే కోరుకుంటాయి. ఇంజనీరింగే కావాలంటే పుస్తకాలు వెంట తీసుకెళ్ళక తప్పదు. ఇంజనీరింగ్ వద్దు, భాషలు గానీ సైకాలజీ గానీ చదువుతానంటే ఈ చిక్కే ఉండదు. అందుకే ముందు ఏం చదువుతుందో తేలాలి అంటున్నాను. తర్వాత కాలేజీలో గ్యాప్ ఎందుకని అడిగితే నోటరీ చేయించిన అఫిడవిట్ ఇస్తారు. దాని గురించి దిగులక్కర్లేదు.

అమ్మాయి వాళ్ళమ్మ పది రోజులుగా తనతో మాట్లాడటం లేదన్నారు. ‘ఆయా’ అన్న మాట ఆవిడని ఎంత పొడుస్తోందో నాకు అర్థమవుతోంది. కష్టపడి పెంచుకున్న పిల్ల పరాయి ఇంట్లో అంట్లు తోముతుందేమోనన్న ఊహ ఏ తల్లికైనా కన్నీళ్ళు తెప్పిస్తుంది. ఆవిడకి ఇవి చెప్పండి. ఓపేర్ అన్నది ఫ్రెంచ్ మాట, సమానంగా అని దాని అర్థం. ఇంటి మనిషిలా ఉండాలన్నదే ఆ ఏర్పాటు. రోజుకి ఆరు గంటలకి, వారానికి 30 గంటలకి మించి పని చెప్పకూడదు. వారంలో ఒకటిన్నర రోజు సెలవు. సొంత గది, భోజనం, ఇన్సూరెన్స్ ఆ కుటుంబమే చూడాలి. చేతి ఖర్చుకి నెలకి 280 యూరోలు, అంటే పాతిక వేల పైనే, ఇచ్చి భాష క్లాసు ఫీజులో కొంత పెట్టుకోవాలి. ముసలివాళ్ళ సేవ, ఇల్లంతా చాకిరీ ఇందులోకి రావు.

కాగితం మీద ఇలా ఉన్నా ఇళ్ళన్నీ ఒకేలా ఉండవు. అందుకే సంతకం పెట్టేముందు ఆ కుటుంబంతో రెండు మూడుసార్లు వీడియో కాల్ మాట్లాడాలి, ఒక్కసారైనా వాళ్ళమ్మ కూడా అందులో ఉండాలి. అమ్మాయికి ఇచ్చే గది చూపించమని అడగాలి. లోపల గడియ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఓపేర్ నంబరు తీసుకుని తనతో మాట్లాడాలి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. తిరుగు టికెట్‌కి సరిపడా డబ్బు అమ్మాయి అకౌంట్‌లో విడిగా ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు.

ఇలా వేరే దేశం వెళ్ళి నాలుగో నెలలోనే తిరిగొచ్చేసిన ఒక అమ్మాయి నాకు తెలుసు. ఆ ఇల్లు సరిపడలేదు, దానికి తోడు బెంగ. వచ్చేసి మంచి పని చేసింది. కానీ గన్నవరం ఎయిర్‌పోర్టు బయట, ట్రాలీ మీంచి సామాను దించకముందే వాళ్ళ నాన్న ‘నేను ముందే చెప్పానా’ అన్నారట. ఆ ఒక్క మాటకి ఆ పిల్ల ఆర్నెల్లు ఏ పెళ్ళికీ, పేరంటానికీ రాలేదు. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, నచ్చకపోతే ఏ రోజైనా వచ్చెయ్యి, ఎందుకని అడగను అని. ఆ భరోసా ఉన్న పిల్లలు నిజానికి త్వరగా వెనక్కి రారు.

ఇక పనులు. వీటిని మీరు చేయకండి, తననే చేసుకోనివ్వండి. వీసాకి జర్మన్ కనీసం ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు, వచ్చని చూపించాలి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రమ్‌లో ఆ పరీక్ష ఉంటుంది. టికెట్ తనే బుక్ చేసుకుని, ఎక్కడ ఉండాలో తనే చూసుకుని, ఒక్కతే వెళ్ళి రాసి రావాలి. మీరు స్టేషన్ దాకా వెళ్ళండి, ప్లాట్‌ఫారమ్ మీద ఆగిపోండి. కుటుంబాన్ని వెతకడం, ఒప్పందం చదివి మీకు తెలుగులో చెప్పడం, ఖర్చుల లెక్క రాయడం కూడా తన పనే. అవి శ్రద్ధగా చేస్తే ఆరిన కాయే అనుకోండి. వాయిదాలు వేస్తూ మిమ్మల్నే చేయమంటుంటే ఈ ఏడాది ఆపి కాలేజీలో చేర్చండి, నొచ్చుకున్నా సరే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి ఎలాగూ వెళ్ళి ఆప్షన్లు పెట్టనివ్వండి. నిర్ణయం తేలేదాకా ఆ దారి మూసుకోనక్కర్లేదు.

ఈ ఆదివారం షాపు పని పెట్టుకోకండి. ముగ్గురూ వంటింట్లోనే కూర్చోండి, ఆ చీటీల మధ్య. ఫ్రిజ్ మీద ఏం రాసిందో చదవమని అమ్మాయిని అడగండి. దాని తర్వాతే కాలేజీ గురించి అడగండి. వాళ్ళమ్మ ఆ రోజు ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు, లేచి వెళ్ళిపోకుండా పక్కన కూర్చుంటే చాలు.