మేజర్ అన్న గడి నింపే ముందు

చిరంజీవి శ్రావ్యకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీ నాన్నది ఒకటే గోల. అమెరికా కాలేజీ అప్లికేషన్‌లో జాతి దగ్గర ఏషియన్ అని టిక్ పెడితే దెబ్బట, పెట్టకపోయినా ఇంటిపేరు పట్టిస్తుందట. వాడి టెన్షన్ నీకు అంటుకోకముందే రాస్తున్నాను.

ఆ భయం ఊరికే పుట్టలేదులే. ఏషియన్ పిల్లలకి అన్యాయం చేస్తోందని హార్వర్డ్ మీద వేసిన కేసులో బయటికొచ్చిన లెక్కల్లో ఏషియన్ పిల్లలకి పర్సనల్ రేటింగ్, అంటే వ్యక్తిత్వానికి వేసే మార్కు, సగటున తక్కువ పడింది. కానీ 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సీట్లలో జాతిని బట్టి మొగ్గు చూపే పద్ధతిని కొట్టేసింది. మీ వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీలకైతే 1998లోనే ఐ-200 అనే ప్రతిపాదన మీద జనం వేసిన ఓటుతో ఆ దారి మూసేశారు. అంటే యూడబ్ల్యూ (యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్) సంగతిలో మీ నాన్న, నువ్వు పుట్టకముందే తేలిపోయిన గొడవకి నిద్ర చెడగొట్టుకుంటున్నాడు!

తీర్పు తర్వాత మనవాళ్ళకి సీట్లు పెరిగాయా అంటావా? మరుసటి ఏడాది ఎమ్ఐటీలో ఏషియన్లు 40 నుంచి 47 శాతానికి పెరిగారు, యేల్‌లో 30 నుంచి 24కి తగ్గారు. వీటిని చూసి జోస్యాలు చెప్పేవాళ్ళ మాట వినకు. ఇష్టముంటే ఉన్నది ఉన్నట్టు టిక్ పెట్టు, లేకపోతే వదిలెయ్.

నువ్వు తల పట్టుకోవాల్సింది మేజర్ దగ్గర, అంటే డిగ్రీలో ఏ ముఖ్య సబ్జెక్టు చదవాలన్న దగ్గర. యూడబ్ల్యూలో సీఎస్‌కి (కంప్యూటర్ సైన్స్‌కి) అప్లికేషన్‌తోపాటే సీటు తేలిపోతుంది. అప్పుడు రాకపోతే, చేరాక మారడం చాలా కష్టం. నువ్వు ఆ రాష్ట్రం పిల్లవి కాబట్టి కాస్త నయం, బయటి రాష్ట్రాలవాళ్ళకి ఆ సీటు దొరకడమే గగనం. ఇక్కడ టెక్సస్‌లో ఇంకో తమాషా. క్లాసులో పైన 5 శాతంలో ఉంటే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో సీటు ఖాయం. అది యూనివర్సిటీలో సీటే, అడిగిన మేజర్‌లో కాదు. ఈ తేడా తెలియక స్వీట్లు పంచి, తర్వాత మొహాలు వేలాడేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల రెండో ఏడాదిదాకా మేజర్ తేల్చుకోనక్కర్లేదు. అలాగని పోటీ తక్కువని ముందు ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) అని రాసి, లోపలికెళ్ళాక సీఎస్‌కి దూకుదామనే దొడ్డిదారి వద్దమ్మా. నీ క్లాసులన్నీ కోడింగే అయినప్పుడు చదివేవాళ్ళకి అర్థం కాదా?

అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో నీ పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవచ్చు. అది నీ జీవితాన్ని ఎలా మలిచిందో చెబితే చూడొచ్చని ఆ తీర్పే అంది. అరంగేట్రం వ్యాసాలు మాత్రం చదివి చదివి నాకే విసుగొచ్చింది. మా వీధిలో ఒక కుర్రాడు వాళ్ళ నాన్న కిరాణా కొట్లో కందిపప్పు బస్తాలు పండగల ముందు ఏ వారంలో అయిపోతాయో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకునేవాడు. దాని గురించే రాశాడు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌కి అప్లై చేశాడు. వాడు తెలుగువాడని వేరే చెప్పాల్సిన పనే పడలేదు, మేజర్ ఎందుకన్నదీ అందులోనే తెలిసిపోయింది.

ఈ వారంలో నీ లిస్టులో ఒక్కో కాలేజీ పక్కన రెండు ముక్కలు రాసి పంపు. సీటు యూనివర్సిటీకా, మేజర్‌కా? చేరాక మారనిస్తారా? వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో అడగకు. సీఎస్ రాకపోయినా యూడబ్ల్యూలో చేరతావా లేదా అన్నది మాత్రం నువ్వే రాయి, మీ నాన్నని అడిగి కాదు.

మీ పెదనాన్న
ప్లేనో