నారు తెంపుతున్నది కొంగ కాదు

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం మండలం, తేలుకుంచికి దగ్గర్లోని ఊరు. మూడెకరాల్లో స్వర్ణ (ఎం.టి.యు. 7029) ఆగస్టు మొదటి వారంలో ఉభాలు (నాట్లు) చేశాం. నాటి పన్నెండు రోజులైంది. రోజూ తెల్లారేసరికి గట్ల వెంట మొక్కలు తెగి నీటి మీద తేలుతున్నాయి. సైబీరియా కొంగలు నలభై, యాభై దాకా మడిలో దిగుతున్నాయి. డీలరు కవర్లో గుళికలు పోసి ఇచ్చాడు. పేరు లేదు, ఘాటు వాసన వస్తోంది. చల్లితే కొంగలు రావు, మొవ్వు పురుగూ పోతుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు అన్నాడు. చల్లమంటారా? నిరుడు ఎకరాకు రెండున్నర బస్తాల యూరియా, బస్తా డీఏపీ వేశాం. దీపావళి ముందు చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. సైపర్‌మెత్రిన్, లామ్డా మార్చి మార్చి నాలుగుసార్లు కొట్టినా ఆగలేదు. కొంగ రెట్ట వేడికే అలా అయిందని కొందరంటున్నారు. ఊళ్లో చింతచెట్ల కొమ్మలు కొట్టించేద్దామని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చల్లకండి. ఆ కవరు ముడి కూడా విప్పకండి. మిగతా సంగతులు తర్వాత.

మీరు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపారు. రెండు కొంగలవి, ఒకటి మొక్కది. అంటే నన్ను అడగక ముందే మీరు తీర్పు ఇచ్చేశారన్నమాట. నాకు పనికొచ్చింది ఆ మూడో ఫొటో. అందులో నీటి మీద తేలుతున్న మొక్కకు వేరు లేదు. మొదలు దగ్గర, బురదకు కాస్త పైన ఏటవాలుగా తెగింది. వెనకాల గట్టు అంచున గుండ్రటి కన్నం, దాని నోటి దగ్గర గోళీల్లా తడి మట్టి ఉండలు. ఆ కన్నం పీతది. మొక్క తెంపిందీ పీతే. పీత రాత్రి తిరుగుతుంది, కొంగ తెల్లారాక దిగుతుంది. మీరు పొలానికి వెళ్లే వేళకు ఎదురుగా కనబడేది కొంగే కాబట్టి నేరం దాని నెత్తిన పడింది.

నా మాట నమ్మక్కర్లేదు. రేపు పొద్దున్నే తేలుతున్న మొక్కలు ఓ యాభై ఏరండి. వేరు లేకుండా తెగినవి ఒక కుప్ప, వేరుతో సహా ఊడొచ్చినవి ఒక కుప్ప వేయండి. మొదటి కుప్ప పీత ఖాతా. రెండోది కొంగ తొక్కుడు ఖాతా, లేదా పైపైన గుచ్చి వెళ్లిపోయిన నాట్ల కూలీల ఖాతా.

ఆ కొంగ ముక్కు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? రెండు దవడలూ మొదట్లో కలుస్తాయి, కొసన కలుస్తాయి, మధ్యలో సందు ఉండిపోతుంది. మొక్కను కత్తిరించే ముక్కు కాదది. నత్తను పట్టి, నోటి దగ్గర కింది ముక్కు కొస దూర్చి, కండ కోసి మాంసం లాక్కునే ముక్కు. ఆ పనంతా నీళ్లలోనే అయిపోతుంది, గుల్ల చాలాసార్లు పగలను కూడా పగలదు. మీ మడిలో దొరికే ఖాళీ గుల్లలు తిప్పి చూడండి, తెలుస్తుంది. అందుకే దాన్ని నత్తగుల్ల కొంగ అన్నారు. మీ వరి గింజ, వరి ఆకు దానికి అక్కర్లేదు. నత్తలు, కప్పలు, పెద్ద పురుగులు, దొరికితే పీతలు తింటుంది. మీరు చంపాలనుకుంటున్నది మీ మడిలో పీతలు ఏరే కూలీని.

ఇంకో మాట. ఇది సైబీరియా నుంచి రాలేదు. ఎవరు మొదలుపెట్టారో గానీ మన జిల్లాలో తెల్లటి పిట్ట ఏది కనబడినా సైబీరియా అనేస్తాం. ఇది మన దేశంలోను, బంగ్లాదేశ్, థాయిలాండ్ వైపు పల్లపు నేలల్లోను ఉండే పక్షి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి రింగు తొడిగిన పిట్ట 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది. వానల్ని బట్టి, నత్తల్ని బట్టి తిరుగుతుంది. తొలకరికి తేలుకుంచి చేరి, చింతచెట్ల మీద పిల్లల్ని లేపి, నవంబరు, డిసెంబరు దాకా ఉండి వెళ్తుంది. చుట్టం అనుకుంటున్నారు గానీ, ఇది మీ ఆయకట్టు కాపురస్తురాలే.

ఇక పని. పీతకు నీరు లోతుగా ఉంటే పండగ. మడిలో నీరు 2–3 సెంటీమీటర్లకు దించండి, పిలకలు తొడిగేదాకా అంతే ఉంచండి. బొరియలున్న గట్టు వెంట పది అడుగులకో పాత కుండ, మూతి నేల మట్టానికి వచ్చేలా పాతండి. లోపల గుప్పెడు తవుడు, చిన్న ఎండుచేప ముక్క వేయండి. సాయంత్రం పెట్టి పొద్దున ఏరుకోవాలి. వారం పది రోజులు విడవకుండా చేయండి, ఒకరోజు చేసి వదిలేస్తే లాభం లేదు. దొరికినవి పులుసుకు పనికొస్తాయి, గుళికలు చల్లిన మడిలోవైతే పనికిరావు. వచ్చే వేసవిలో గట్లు చెక్కి, బొరియలు తవ్వి మూసి, కొత్త మట్టితో మెత్తండి. మీ ఫొటోలో గట్టు చూస్తే మూడు నాలుగేళ్లుగా పార తగిలినట్టు లేదు.

నారుతో సందులు పూడ్చడానికి మూడు నాలుగు రోజులకు మించి టైం లేదు. ఆకుమడిలో నారు మిగిలి ఉంటే వెంటనే గుచ్చండి. లేకపోతే, నాటిన 20–25 రోజులకు ఒత్తుగా ఉన్న దుబ్బుల నుంచి వేరుతో సహా రెండేసి పిలకలు చీల్చి నాటండి.

కొంగలు అసలు నష్టం చేయవని నేననను. యాభై పిట్టలు లేత మడిలో నడిస్తే కొన్ని మొక్కలు ఒరుగుతాయి, కొన్ని ఊడతాయి. నాటిన తర్వాత మొదటి రెండు వారాలే ఆ ఇబ్బంది. నడుం ఎత్తున కర్రలు పాతి మెరిసే రిబ్బను మెలితిప్పి కట్టండి, పొద్దున రెండు గంటలు మనిషి తిరిగితే చాలు. మొక్క వేరు పట్టాక రిబ్బన్లు తీసేయండి, పిట్టల్ని దిగనివ్వండి. వానలు వెనకబడి ఉభాలు ఆగస్టు చివరికి జరిగిపోతున్న ఏళ్లలో ఈ ఫిర్యాదులు నాకు ఎక్కువ వస్తున్నాయి. గూళ్లలో పిల్లలు ఆకలిగా ఉండే రోజులూ, మీ మొక్క లేతగా ఉండే రోజులూ ఒకేసారి పడుతున్నాయి. పైగా చెరువు గర్భాలు ప్లాట్లవుతుంటే, బందలు (చిన్న చెరువులు) రోడ్డు మట్టితో పూడిపోతుంటే ఆ పిట్టలు నత్తల కోసం ఇంకెక్కడికి పోతాయి? సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) థర్మల్ ప్లాంటు వద్దని 2010లో జనం ప్రాణాలకు తెగించారు. మన ఊరి బందను మాత్రం ఒక్కో ట్రాక్టరు మట్టితో మనమే పూడ్చేస్తున్నాం.

ఇప్పుడు ఆ కవరు సంగతి. వాసన బట్టి ఫోరేట్ అనే విషపు గుళికల మందని నా అనుమానం. అదే అయితే 2020 డిసెంబరు 31తో దేశంలో దాని అమ్మకమే నిషేధం. ఫోరేట్ కాకపోయినా, పేరు లేని, లేబుల్ లేని, బిల్లు లేని మందు పొలంలో వేయమని ఏ శాస్త్రవేత్తా చెప్పడు. పిట్టలు చావాలని చల్లితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. ఆ కేసు ముందు చల్లిన మీ మీదే పడుతుంది.

చాలా ఏళ్ల కిందట ఓ ఊళ్లో ఇలా గుళికలు చల్లిన మడికి మర్నాడు వెళ్లాను. కప్పలు తెల్లటి పొట్టలు పైకి తిప్పి తేలుతున్నాయి. ఓ నీటిపాము గట్టుకు సగం ఎక్కి అక్కడే ఉండిపోయింది. చచ్చిన చేపలు ఏరుకోవడానికి ఇద్దరు పిల్లలు జల్లెడ పట్టుకుని వచ్చారు. వాళ్లను తరమడానికే నాకు అరగంట పట్టింది. ఆ ఏడు ఆ ఊళ్లో అందరికంటే ముందు సుడిదోమ (దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు) పట్టింది కూడా ఆ మడికే.

మొవ్వు పురుగుకు, అంటే కాండం తొలిచే పురుగుకు, మందు ఎప్పుడు వేయాలో లెక్క ఉంది. చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు గానీ గుడ్ల గుంపు గానీ కనబడాలి, లేదా నూటికి ఐదు పిలకల్లో మొవ్వు చచ్చి ఉండాలి. అప్పుడు మాత్రమే లీటరు నీటికి కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 శాతం పొడి మందు 2 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 మి.లీ. కలిపి పిచికారీ చేయండి. మీరు ఒక్క చచ్చిన మొవ్వు గురించి కూడా రాయలేదు. లేని రోగానికి మందెందుకు? వచ్చే ఏడు నాటేముందు నారు కొనలు తుంచితే గుడ్లు అక్కడే పోతాయి.

నిరుటి ఎండుడు సుడిదోమ. రెట్ట వేడి అనే మాట మర్చిపోండి. సిఫారసు ఎకరాకు 32 కిలోల నత్రజని. మీరు వేసిన యూరియా, డీఏపీ కలిపి లెక్క కడితే 60 కిలోలు దాటింది. ఏపుగా, పచ్చగా, గాలి ఆడకుండా పెరిగిన దుబ్బు మొదట్లో దోమ కాపురం పెట్టింది. దాని మీద సైపర్‌మెత్రిన్, లామ్డా కొట్టారు. ఈ సింథటిక్ పైరిత్రాయిడ్లు దోమను తినే సాలీళ్లను, దోమ గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులను ముందు చంపుతాయి. దుబ్బు అడుగున ఉన్న దోమ బతికి, కావలి లేని ఇంట్లో పిల్లల్ని పెడుతుంది. అంటే మీ నాలుగు స్ప్రేలు దోమను పెంచాయి. డీలరుకు మాత్రం నాలుగు బిల్లులు వచ్చాయి, అవీ రాసి ఇచ్చాడో లేదో.

ఈసారి సెప్టెంబరు రాకముందే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా తీయండి. నాటేటప్పుడే తీయాల్సింది, ఇప్పుడు మొక్కలు పక్కకు జరిపి తీస్తే ఆ మొక్కలే సందులకు సరిపోతాయి. యూరియా మూడు దఫాలుగా వేయండి, ఆకు నల్లబడేదాకా వేయకండి. వారానికోసారి మడి మధ్యకు వెళ్లి ఇరవై దుబ్బులు వంచి, మొదట్లో అరచేత్తో తట్టి నీటి మీద పడ్డవి లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలు దాటితేనే మందు. నీరు తీసేసి, లీటరుకు పైమెట్రోజిన్ 0.6 గ్రాములు, లేదా డైనోటెఫ్యూరాన్ 0.4 గ్రాములు, లేదా బుప్రోఫెజిన్ 1.6 మి.లీ.లలో ఒకటి. ఒకటి అంటే ఒకటే, మూడూ కలిపి కాదు. ఎకరాకు 200 లీటర్ల నీరు, నాజిల్ దుబ్బు మొదటికి. ఆకుల మీద కొడితే ఆకులు కడిగినట్టే.

స్వర్ణ మీద నాకు కోపం లేదు, 1982 నుంచి ఎన్నో ఇళ్లలో అన్నం పెట్టిన రకం. కానీ సుడిదోమకు తట్టుకోదు. గెడ్డ (వాగు) ఈ పక్క నుంచి ఆ పక్క దాకా అందరూ అదే వేస్తే దోమకు ఊరంతా ఒకే బంతి. వచ్చే ఖరీఫ్‌కు మూడింట ఒక ఎకరంలోనైనా ఎం.టి.యు. 1064 వేయండి. ఇదీ దీర్ఘకాలికమే, దోమను ఓర్చుకుంటుంది. మునిగే పల్లం ఉంటే అక్కడ స్వర్ణ సబ్–1. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. ఆ గుణం ఎక్కడిదో తెలుసా? మీకు సరిహద్దు దాటితే వచ్చే ఒడిశాలోని ఓ నాటు వరిది. దాని నుంచి తీసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకంలోని జన్యువును స్వర్ణలోకి తెచ్చి 2009లో విడుదల చేశారు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు చూసిన మీకు ముంపు గురించి నేను చెప్పేదేముంది. మీ తాత వేసిన నాటు రకం ఏదైనా ఎవరింట్లోనైనా సేరో, అరసేరో మిగిలి ఉంటే పారేయనివ్వకండి. పక్కన కొంచెం వేసి విత్తనం నిలపండి.

చింతకొమ్మల విషయం కుర్రాళ్లతో నా మాటగా చెప్పండి. గూళ్లలో పిల్లలుండగా కొమ్మ కొడితే పిల్లలు నేలపాలు. అదీ చట్టం కిందికే వస్తుంది. ఇంటి మీద వాలిన ఎండుకొమ్మ ఏదైనా ఉంటే పిట్టలు వెళ్లాక డిసెంబరులో, అటవీశాఖ వాళ్లకు చెప్పి తీయించండి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎంత పోయాయో అందరూ చూశారు. నిలిచిన చింతను మనమే కొడతామా? రెట్ట వాసన గొడవకు చెట్టు కింద ఎండాకు పరిచి, వారానికోసారి ఊడ్చి పేడకుప్పలో కలపండి. మూడు నెలలు మాగితే మంచి ఎరువు. పచ్చిది వేస్తే మొక్క మాడుతుంది.

ఆ గుళికల కవరు పిల్లలకు, పశువులకు అందని చోట పెట్టి, మీ రైతు సేవా కేంద్రంలో చూపించి అప్పజెప్పండి. గెడ్డలో పారేయకండి. రెండు కుప్పల లెక్క నాకు పంపండి, ఒక ఫొటో చాలు. ఈసారి కొంగలది వద్దు.