రిటర్న్ గడువు దాటితే దారులన్నీ మూసుకుపోయినట్టేనా?

పండగ సేల్ ముగిసి నెలైంది. ఈ వారం నా మెయిల్‌బాక్స్ నిండా ఆ సేల్‌లో దెబ్బతిన్నవాళ్లే. అందుకే ల్యాప్‌టాప్ ఏది కొనాలి, ఫోన్ ఎందుకు వేడెక్కుతోంది లాంటి ప్రశ్నలన్నీ వచ్చే వారానికి వాయిదా.

ప్రశ్న: కాకినాడలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో 1,899 రూపాయలకు 2 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్) కొన్నాను. కంప్యూటర్‌కు పెడితే 2 టీబీ అనే చూపిస్తోంది. రెండు పెళ్లిళ్ల వీడియోలు ఎక్కించాను. నెల తర్వాత చూస్తే మొదటి పెళ్లి ఫైళ్లు ఒక్కటీ ఓపెన్ కావడం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘7 రోజుల గడువు దాటింది, అమ్మింది సెల్లర్, మాకు సంబంధం లేదు’ అన్నారు. డబ్బులు వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోకండి. కానీ ముందు ఒక పని: ఆ డ్రైవ్‌లోకి ఇక ఒక్క ఫైలు కూడా ఎక్కించకండి. ఓపెన్ అవుతున్నవాటిని వెంటనే వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

మీకు అంటగట్టింది అసలు ఎస్‌ఎస్‌డీయే కాదు. ఇలాంటివాటిలో ఉండేది 32 జీబీయో 64 జీబీయో మెమరీ. లోపలి కంట్రోలర్ చిప్‌కు అబద్ధం నేర్పి, కంప్యూటర్ అడిగితే ‘2 టీబీ’ అని చెప్పిస్తారు. అసలు చోటు నిండగానే కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడతాయి. పేర్లూ సైజులూ కనిపిస్తాయి, లోపల సరుకుండదు. మీ మొదటి పెళ్లి మీద రెండో పెళ్లి పడింది. అలా చెరిగిపోయినవి ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌కూ దొరకవు. కెమెరా మెమరీ కార్డులను ఆ తర్వాత ఎక్కువగా వాడకపోయి ఉంటే మాత్రం ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతకండి. కార్డును ఫార్మాట్ చేసినా కొన్నిసార్లు ఫైళ్లు బయటపడతాయి.

కాపీలు అయ్యాక విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ నడపండి. ఇది డ్రైవ్ నిండా డేటా రాసి, మళ్లీ చదివి, ఎన్ని జీబీలు నిలిచాయో ఎన్ని పోయాయో లెక్క చెబుతుంది. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఫలితం వచ్చాక ఆ స్క్రీన్, డ్రైవ్ మీది సీరియల్ నంబరు, ఆర్డర్ బిల్లు మూడూ ఒకే ఫ్రేములో పడేలా ఆపకుండా ఒక వీడియో తీయండి. పెళ్లి వీడియోలు తీసే చేతికి ఇది నేను నేర్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చేయకండి, డ్రైవ్ విప్పొద్దు. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాగే ఓ డ్రైవ్ కొని, ఉబలాటం ఆపుకోలేక స్క్రూడ్రైవర్ అందుకున్నాను. లోపల గమ్‌తో అతికించిన మైక్రో ఎస్‌డీ కార్డు, బరువు కోసం పెట్టిన ఇనుప ముక్క. ఫొటోలు పంపితే సెల్లర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: ‘మీరే విప్పి మార్చారు’. రేపు కేసు వేస్తే, వస్తువులో లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే వినియోగదారుల కమిషనే దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. అక్కడికి సీలు చెదరకుండా వెళ్లడమే మీకు బలం.

ఇక చట్టం సంగతి. 7 రోజులనేది ఆ కంపెనీ రాసుకున్న గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకు ఇచ్చేది రెండేళ్లు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలైతే, వస్తువు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోననీ డబ్బు ఇవ్వననీ సెల్లర్ అనడానికి వీల్లేదంటున్నాయి. ‘నో రిటర్న్’ అని ఎర్ర అక్షరాల్లో రాసుకున్నా ఇదే వర్తిస్తుంది.

‘మాకు సంబంధం లేదు’ అన్న మాటను ప్లాట్‌ఫామ్ నోట మనం చాలాసార్లు వింటాం. మధ్యవర్తులకు ఐటీ చట్టం సెక్షన్ 79 కొంత రక్షణ ఇస్తుంది, నిజమే. అది షరతులతో కూడిన రక్షణ. 2022 ఆగస్టులో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల బ్యూరో) ప్రమాణాలకు సరిపోని ప్రెషర్ కుక్కర్లు అమ్మకానికి పెట్టనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. ప్రతి అమ్మకం మీద కమీషన్ తీసుకుంటూ, తేడా వస్తే మాది కాదంటే కుదరదన్నది అక్కడి వాదన. మీ ఫిర్యాదులోనూ ఆ వాదనే పెట్టండి. సెల్లర్‌తో పాటు ప్లాట్‌ఫామ్‌నూ ప్రతివాదిగా చేర్చండి. సెల్లర్ పూర్తి చిరునామా తెలియదంటారా? కొన్నాక మీరు రాతపూర్వకంగా అడిగితే ప్లాట్‌ఫామ్ ఇచ్చి తీరాలి, అదీ ఆ నిబంధనల్లోనే ఉంది.

వరస ఇదీ. చాట్‌లో బాట్‌తో వాదించడం మానేసి, ఆ యాప్ అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి ఫిర్యాదు పంపి వెంటపడతారు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాలను బట్టి చెబితే, చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతున్నాయి.

తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. బెంగళూరుకో గురుగ్రామ్‌కో పరుగెత్తక్కర్లేదు, మీరు ఉంటున్న చోటే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరవుతానని కోరొచ్చు. ‘వివాదాలు ఆర్బిట్రేషన్‌లోనే (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే) తేల్చుకోవాలి’ అని యాప్ నిబంధనల్లో ఉందని బెదిరిస్తే భయపడకండి. ఆ క్లాజు ఉన్నంతమాత్రాన కన్జ్యూమర్ కోర్టు తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మీ విషయంలో ఒక మెలిక ఉంది. బిల్లు స్టూడియో పేరు మీద, జీఎస్టీ నంబరుతో ఉంటే ‘ఇది వ్యాపారానికి కొన్నది, ఆయన వినియోగదారుడే కాదు’ అని అవతలివాళ్లు మొదటి రోజే లేస్తారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్న వస్తువుకు చట్టంలో మినహాయింపు ఉంది. స్టూడియో మీరే నడుపుతున్నారని, అదే మీ జీవనాధారమని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాసేయండి. ధర, వడ్డీ, ఖర్చులు, మానసిక క్షోభకు పరిహారం అడగండి. పెళ్లివాళ్లకు మీరు డబ్బు వెనక్కి ఇచ్చి ఉంటే ఆ రసీదు జత చేయండి. రసీదు లేకుండా లక్షలు అడిగితే మాత్రం కేసు పలచబడుతుంది. నోటీసు అందిన 3 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ల్యాబ్ పరీక్ష ఉంటే 5 నెలలు. వాయిదాలను లెక్కేసుకుని ఇంకొంచెం ఓపిక పట్టండి.

ప్రశ్న: 32 వేల ఫోన్ ఆర్డర్ చేస్తే బాక్సులో బట్టల సబ్బు వచ్చింది. డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్పేశాను. ‘ఓటీపీ ఇచ్చారంటే ఫోన్ అందినట్టే’ అంటున్నారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ ఆపేయనా? (వరంగల్ నుంచి)

జవాబు: ఈఎంఐ ఆపకండి. మోసపోయింది మీరే అయినా సిబిల్ స్కోరు పడేది కూడా మీదే. బ్యాంకుకు రాతపూర్వకంగా డిస్ప్యూట్ పెట్టండి. వచ్చింది ఆర్డర్ చేసిన వస్తువు కాదని చెప్పి చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) కోరండి. దీనికి గడువు ఉంటుంది, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఓటీపీ ఇచ్చారంటే అట్టపెట్టె చేతికందిందని మాత్రమే అర్థం. లోపల ఏముందో ఓటీపీకి తెలియదు. మీ చేతిలో ఇంకా రెండు ఆధారాలున్నాయి. మొదటిది పార్సిల్ మీది లేబుల్. చాలావాటి మీద బరువు ముద్రిస్తారు. ఆ పెట్టెను సబ్బుతో సహా కాటా మీద పెట్టి ఫొటో తీయండి. తేడా ఉంటే అది దారిలో మారిందా, బయల్దేరకముందే మారిందా అన్నదానికి జవాబు వాళ్ల గోదాములో, హబ్‌లో నమోదైన బరువుల్లో ఉంటుంది. ఆ రికార్డులు, ప్యాకింగ్ సీసీటీవీ భద్రపరచమని ఈ రోజే మెయిల్ పెట్టండి.

రెండోది బిల్లు. ఫోన్ల ఇన్‌వాయిస్ మీద సాధారణంగా ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) ఉంటుంది. కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ కొట్టి 14422కు ఎస్సెమ్మెస్ చేయండి. అది ఏ మోడల్‌దో తెలుస్తుంది. పోలీసు ఫిర్యాదులో ఆ నంబరు తప్పకుండా రాయండి, మీరు కొన్న ఫోన్‌లో ఇంకెవరైనా సిమ్ వేస్తే జాడ తీయడానికి దారి అదే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ఇది మోసం. స్టేషన్‌లో ‘కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లండి’ అని తిప్పి పంపబోతే, రెండూ వేర్వేరు దారులనీ రెండూ ఒకేసారి నడుస్తాయనీ నెమ్మదిగా చెప్పండి.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి డ్రోన్ కోసం సగం డబ్బు యూపీఐలో పంపాను. అకౌంట్ మాయమైంది. కన్జ్యూమర్ కేసు వేయొచ్చా? (నెల్లూరు)

జవాబు: ఎవరి మీద వేస్తారు? పేరు, ఊరు లేనివాడికి నోటీసు పోదు. ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు వాడి ఖాతాలోంచి జారిపోయేలోపు ఫిర్యాదు అందితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు నింపండి. అన్నట్టు, ‘మీ డ్రోన్ డబ్బు రీఫండ్ చేస్తాం, ఈ యాప్ వేసుకోండి’ అంటూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. వాడూ అదే ముఠా.

ప్రశ్న: క్లాసిఫైడ్స్ యాప్‌లో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. రీసెట్ చేస్తే ఏదో కంపెనీ లాగిన్ అడుగుతోంది. (హైదరాబాద్)

జవాబు: అది ఆ కంపెనీ తన ఉద్యోగికి ఇచ్చిన ల్యాప్‌టాప్ అయి ఉంటుంది. లాక్ తీసిపెడతామనే దుకాణాల జోలికి పోకండి, దొంగ సొత్తు అని తేలితే మీకూ చుట్టుకుంటుంది. తన పాత వస్తువును అమ్ముకునే మామూలు మనిషికి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు. కన్జ్యూమర్ కేసు ఇక్కడ బలహీనం. అదే మనిషి రోజూ పది ల్యాప్‌టాప్‌లు అమ్ముతుంటే అది వ్యాపారమే, అతని ఇతర ప్రకటనలు స్క్రీన్‌షాట్ తీసుకోండి. స్క్రీన్ మీద కనిపిస్తున్న కంపెనీకి సీరియల్ నంబరు రాసి పంపండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. చాట్ మొత్తాన్ని వాట్సాప్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్‌తో బయటికి తీసి మెయిల్‌లో దాచుకోండి, అవతలి మనిషి ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కకముందే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. గుంటూరులో అమ్మానాన్నలకు ఇండియా యాప్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ కొనిచ్చాను. వచ్చింది వాడేసిన పాత బ్యాటరీ. కేసు కోసం నేను రావాలా?

జవాబు: అక్కర్లేదు. డబ్బు కట్టింది మీరైనా, మీ అనుమతితో వాడుతున్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. నాన్నగారి పేరు మీదే గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. మీరు ఆర్డర్ మెయిల్‌ను స్క్రీన్‌షాట్‌గా కాకుండా మెయిల్ ఫైల్‌గానే డౌన్‌లోడ్ చేసి పంపండి, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క లైను కనిపించే పేజీ జత చేయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి స్కాన్ చేసి పంపితే ఇంకా మంచిది. బ్యాటరీ మీది తయారీ తేదీ కోడ్‌ను నాన్నగారితో ఫొటో తీయించండి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగి, తీసిన తేదీ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. అసలు ఫొటోలను ఆయన ఫోన్‌లోంచి మాత్రం తీసేయనివ్వకండి.