అల్లుడూ, మోటారు తర్వాత కొనొచ్చు

మూలాపేట, నెల్లూరు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశా. పడగ్గది పక్కనున్న బట్టల గది, 4 అడుగులకి 3 అడుగులు, ఎత్తు 8. అందులో వైన్ సీసాలు పెట్టుకుంటానంటావు, రాత్రిపూట చప్పుడు రాకూడదంటావు, దాన్ని చల్లబరిచే మోటారు ఏది కొనాలో చెప్పమంటావు. నీ ఫోను పెట్టేసిన గంటకి మీ అమ్మ చేసింది. "ఏంది అన్నయ్యా, వీడు ఇంట్లో సారాయి కొట్టు పెడతాడంట" అని. ఆమెకి నేను సర్దిచెప్తాలే. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చో ఎక్సైజు వాళ్ళ రూలు మాత్రం నువ్వే కనుక్కో. అరలు కొట్టించేది ఆ తర్వాతే.

నలభై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో చేతులు కాల్చుకున్నోణ్ణి. మోటారు సంగతి ఇప్పుడే అడగబాక. చప్పుడు మోటారులోంచి వస్తుందనుకుంటారు అందరూ. గోడల్లోంచి లోపలికొచ్చే వేడే ఆ మోటారుని తిప్పుతా ఉంటది. వేడి తగ్గిస్తే మోటారు చిన్నదవుతుంది, తిరిగే సేపూ తగ్గుతుంది.

లెక్క చూడు. వైన్‌కి 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలంలో మీ ఒంగోల్లో బయట 42, 43 కొడుతుంది, ఇంట్లో 38 అనుకుందాం. తేడా 25 డిగ్రీలు. నీ గదికి నాలుగు గోడలు, పైకప్పు, నేల కలిపితే పన్నెండున్నర చదరపు మీటర్లు. వాటి మీద 3 అంగుళాల పఫ్ షీటు, అంటే వేడిని ఆపే గట్టి నురుగు పలక, కొట్టిస్తే లోపలికి చొరబడే వేడి 95 వాట్లు. మన చిన్నప్పటి 100 వాట్ల బల్బు ఒకటి లోపల వెలుగుతున్నట్టు. ఉత్త 9 అంగుళాల ఇటుక గోడే అయితే 600 దాటుతుంది, అంటే అట్టాంటి బల్బులు ఆరు. ఆరు బల్బుల వేడి లాగే మోటారు పక్కన ఎవరు పడుకుంటారు? పఫ్‌కి రెండు పక్కలా కలిపి అర అడుగు పోతుంది, గది మూడున్నరకి రెండున్నర అవుతుంది. పోనీ. అక్కడ పీనాసితనం చేయబాక. థర్మోకోల్ చవకే గానీ అంతే మందానికి వేడి ఎక్కువ వదుల్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. చాలా ఏళ్ళ కిందట ఇక్కడే ఒక పెద్దాయన ఇంట్లో ఇట్టాంటి గదే కట్టా. పఫ్ ఖరీదని గోడలో గాజు ఉన్ని కూరి, దాని మీద లోపలి వైపున, అంటే చల్లటి వైపున, పాలిథిన్ షీటు అంటించా. ఎండాకాలం బాగానే నడిచింది. అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. డిసెంబరుకి తలుపు ఉబ్బి మూసుకోలేదు, ప్లైవుడ్డు నల్లగా బూజు పట్టింది. ఓ మూల విప్పి ఉన్ని పిడికిట పట్టి పిండితే నీళ్ళు కారినాయి. ఆయన ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

కుండ పక్కన ఇత్తడి చెంబులో చల్లటి నీళ్ళు పోసి పెడితే బయట చెమట పడుతుంది చూడు, అదే అక్కడ గోడలో జరిగింది. మన తీరంలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీళ్ళు కడతాయి. నీ గది 13. తేమ ఎప్పుడూ వేడి వైపు నుంచి చల్లని వైపుకే పోతుంది, కాబట్టి దాన్ని వేడి వైపునే ఆపాలి. ముందు గోడకి మందం పాలిథిన్ షీటు, దాని మీద పఫ్, ఆ పైన లోపలి బోర్డు. ప్రతి అతుకుకీ అల్యూమినియం టేపు. మేకు కొట్టిన చోట, వైరు దూరిన చోట ఫోమ్ స్ప్రే. నేల మర్చిపోతారు, మర్చిపోవద్దు.

తలుపుకి కూడా లోపల పఫ్ కొట్టించి, చుట్టూ రబ్బరు గాస్కెట్ వేయించు. గాజు తలుపు ముచ్చటగా ఉంటుందని అమ్మాయి అంటే నచ్చజెప్పు. వానాకాలమంతా దాని మీద నీళ్ళు కారతాయి, పైగా వైన్‌కి వెలుతురు పడదు. తలుపు మూసేటప్పుడు సందులో పది రూపాయల నోటు పెట్టి లాగు. ఏ చోట తేలిగ్గా జారివస్తే అక్కడ గాలి పోతున్నట్టే.

ఇక మోటారు. ఏసీ వాళ్ళని పిలిస్తే 1 టన్నుది పెడతామంటారు. అది 3,500 వాట్ల వేడిని లాగుతుంది, మనకి కావలసింది వందా నూటయాభై. నిమిషానికోసారి ఆగుతుంది, మళ్ళీ టక్కున లేస్తుంది. సెట్టింగు 16 కంటే కిందికి దిగదు, గాలిని ఎండగడుతుంది కూడా. చప్పుడే ఉండదని పెల్టియర్ పెట్టెలు, అంటే మోటారు లేకుండా కరెంటుతోనే చల్లబరిచేవి, అమ్ముతారు. నిజమే, అందులో తిరిగేది చిన్న ఫ్యాను ఒక్కటే. కానీ బయటి కంటే పది పదిహేను డిగ్రీలు దింపడమే వాటికి కష్టం. రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఊళ్ళో అవి పనికిరావు.

మనకి ఫ్రిజ్ సైజు మోటారు చాలు. గదిలో ఉండి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మాత్రం పెద్దది, నెమ్మదిగా తిరిగే ఫ్యానుతో. కాయిల్ మరీ చల్లబడకుండా ఉంటే తేమ 60, 70 శాతం దగ్గర నిలుస్తుంది, కార్కులు ఎండవు. కార్కు సీసాలు పడుకోబెట్టాలి, మరచుట్టు మూతవి ఎట్టా పెట్టినా ఒకటే. మోటారు, లాగిన వేడిని బయటికి వదిలే దాని కండెన్సరు వెనక వరండాలో నీడన పెట్టు. గదిలో పెడితే లాగిన వేడంతా మళ్ళీ నీ మంచం పక్కకే వస్తుంది.

గోడకి బ్రాకెట్ కొట్టి దాని మీద మోటారు ఎక్కించబాక. ఇందాక చెప్పిన పెద్దాయన ఇంట్లో అదీ చేశా. అవతలి గదిలో వాళ్ళమ్మ పడుకునేది. "గోడలో దోమ దూరింది నాయనా, తెల్లార్లూ ఒకటే రొద" అనేది పాపం. అది మోటారు అదురు. గోడే దాన్ని డోలు మాదిరి మోగించింది. నేల మీద విడిగా దిమ్మె, దాని మీద రబ్బరు ముక్కలు, వాటి మీద మోటారు. మోటారు నుంచి కాయిల్‌కి పోయే రాగి గొట్టం తిన్నగా లాగకుండా ఒక చుట్టు తిప్పి వదలాలి. గోడ దాటే చోట గొట్టం సిమెంటుని తాకకూడదు, ఫోమ్ తొడుగు వేయించు. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి కండెన్సరు రేకుల్ని తినేస్తుంది, నెలకోసారి మంచినీళ్ళతో కడుగు.

థర్మోస్టాట్ సెన్సారు గాల్లో వేలాడదీయబాక. తలుపు తీసినప్పుడల్లా మోటారు లేస్తుంది. నీళ్ళు పోసిన సీసాలో ముంచి మధ్య అరలో పెట్టు. ఎక్సైజు రూలు పుణ్యమా అని అరలు ఖాళీగా ఉంటే వాటిలోనూ నీళ్ళ సీసాలే పేర్చు. 60 సీసాలుంటే రెండు గంటల కరెంటు కోతకి మూడు డిగ్రీలే పెరుగుతుంది. ఆవకాయ జాడీ మాత్రం ఆ గదిలో పెట్టనివ్వబాక, చల్లగా ఉంది కదా అని మీ అమ్మ పెట్టేయగలదు. ఆ వాసన కార్కులోంచి దిగుతుందంటారు. అయినా నీ నాసిక్ సీసాల్లో చాలావరకు ఏడాది రెండేళ్ళలో తాగేయడానికే తప్ప, దాచితే పెరిగే రకం కాదు. నాకు వాటి రుచి తెలియదు, విన్నదే చెప్తున్నా.

మోటారుకి డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష ఉంది. పెట్టె పూర్తయ్యాక లోపల నేల మీద ఇటుక పెట్టి, దాని మీద 60 వాట్ల పాత బల్బు, గోడలకి దూరంగా. తలుపేసి రాత్రంతా వెలగనివ్వాలి. తెల్లారి లోపలి వేడి బయటి కంటే 15, 16 డిగ్రీలు ఎక్కువుంటే పెట్టె కుదిరినట్టు. ఏడెనిమిదే ఉంటే ఎక్కడో సందుంది, వెతకాల్సిందే. ఆ బల్బులు ఇప్పుడు దొరకడం కష్టం. నా దగ్గర అటక మీద రెండున్నాయి, గుడ్డలో చుట్టి పెట్టా. పఫ్ పని అయిపోయిందని ఫోన్ చెయ్యి, పినాకిని రైలెక్కి తెస్తా.

మీ మామయ్య