రిటైరైన జడ్జి బట్టీ కూలీల తరఫున నిలబడవచ్చా?

సందేహం: మా నాన్నగారు సీనియర్ సివిల్ జడ్జిగా రిటైరయ్యారు. మా ఊరి చుట్టూ ఇటుక బట్టీలున్నాయి. ఒడిశా కూలీలు కొందరు ‘డబ్బులివ్వట్లేదు, ఊరికి పోనివ్వట్లేదు’ అంటూ ఆయన దగ్గరికి వస్తున్నారు. లీగల్ ఎయిడ్ ద్వారా వాళ్లకు అండగా ఉంటానని ఆయన పట్టుదల. మళ్లీ కోర్టులో వాదించవచ్చా? పక్క రాష్ట్రం వాళ్లకు ఇక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి జిల్లా

జవాబు: బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం, రిటైరైన అధికారి తాను చివరగా చేసిన హోదాకు సమానమైన, లేదా అంతకంటే తక్కువ హోదా గలవారి కోర్టుల్లో ప్రాక్టీసు చేయకూడదు. కాబట్టి సీనియర్, జూనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో మీ నాన్నగారు వకాలత్ వేయలేరు. బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా ఎన్‌రోల్‌మెంట్ (నమోదు) ఉంటే జిల్లా కోర్టులో, హైకోర్టులో ఈ అడ్డు లేదు. అయినా బట్టీ కూలీలకు ఆయన అనుభవం ఎక్కువగా అక్కరకొచ్చేది కోర్టు హాలు బయటే.

ఉచిత న్యాయ సహాయానికి సొంత రాష్ట్రమా కాదా అన్నది చూడరు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వెట్టిచాకిరీ బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులే.

అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోతే 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అది వెట్టే. ఆ అప్పు రద్దయిపోతుంది. వెట్టి అప్పు కాదని నిరూపించుకునే బాధ్యత కూడా అప్పిచ్చినవాడిదే. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

నేనొక బట్టీలో ఓ కూలీ దాచుకున్న నోటుబుక్కు చూశాను. అక్షరం రాని మనిషి. రోజుకెన్ని ఇటుకలు కోశారో పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు, అయిదేసి గీతలకు ఒక అడ్డగీత. యజమాని లెక్కలో ఇటుకలు అంతకంటే తక్కువున్నాయి. వానలు మొదలై కుటుంబం రైలెక్కితే ఆ నోటుబుక్కూ వాళ్లతోపాటే వెళ్లిపోతుంది, కేసు చేతికి దొరకదు. అందుకే వాంగ్మూలం, ఫొటోలు, ఆర్డీవోకో కలెక్టరుకో పిటిషన్, ఇవన్నీ వాళ్లు ఇక్కడుండగానే అయిపోవాలి. చేతికి రావాల్సిన ముఖ్యమైన కాగితం రిలీజ్ సర్టిఫికెట్, అంటే వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులిచ్చే పత్రం. వెట్టి నుంచి విడిపించినవాళ్ల పునరావాసానికున్న కేంద్ర పథకం కింద తక్షణ సాయం 30,000 రూపాయల వరకు ఉంటుంది, దానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. ఏ కాగితంలో ఏ మాట లేకపోతే కేసు వీగిపోతుందో ఏళ్లతరబడి తీర్పులు రాసిన మనిషికి వేరే చెప్పాలా!

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శిని కలిసి, పారా లీగల్ వలంటీరుగా (జనానికి న్యాయ సహాయం అందేలా తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తగా) గానీ, లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో గానీ పనిచేస్తానని రాసివ్వమనండి. విశ్రాంత ఉద్యోగులకూ అందులో చోటుంది. లోక్ అదాలత్ బెంచి మీద విశ్రాంత న్యాయాధికారులు కూర్చోవచ్చు. అయితే తాను సాయపడ్డ కూలీ వ్యవహారం ఆ బెంచికి వస్తే తప్పుకోవాలి. కూలి బాకీ వరకే అక్కడ రాజీ, వెట్టి నేరానికి రాజీ ఉండదు. వెట్టి చట్టం అమలును చూసే జిల్లా విజిలెన్స్ కమిటీలో ఇద్దరు సామాజిక కార్యకర్తలను కలెక్టరు నియమిస్తారు, అందుకూ ఆయన ప్రయత్నించవచ్చు.

బట్టీకి వెళ్లేటప్పుడు భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లమనండి. ఒడిశాలోని బాలంగీర్ వైపు వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. కూలీలను పనికి తెచ్చిన మేస్త్రీ చేత చెప్పించుకుంటే మేస్త్రీ మాటే కాగితం మీదికి వస్తుంది. రాత్రికి రాత్రి ఎవరికైనా ప్రమాదమనిపిస్తే 100కు ఫోన్ చేయండి. న్యాయ సహాయానికి 15100 ఉంది.