ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి లాంటి ఊళ్లలో ఇంటికి ఇంటీరియర్ డిజైనర్‌ని పెట్టుకుంటే ఎంతవుతుంది?

మీరు రాయగడలో 1,200 చదరపు అడుగుల ఇంటికి డిజైనర్ ఎంత తీసుకుంటారు, అసలు అవసరమా అని అడిగారు. మాది పర్లాకిమిడి. 2023లో పై అంతస్తు వేసుకున్నాం, 1,050 అడుగులు. ముందు ఒక్క విషయం చెప్తాను. డిజైనర్ ఫీజు వేరు, పని ఖర్చు వేరు. ఈ రెండూ కలిపేసి ఒకే అంకె చెప్పేవాళ్ల దగ్గరే మేం దెబ్బతిన్నాం.

మొదట విశాఖలో ఒక కంపెనీకి వెళ్లాం. డిజైన్ ఉచితం, మొత్తం పని 9 లక్షల 40 వేలు, 45 రోజుల్లో తాళాలు చేతికిస్తాం అన్నారు. కంప్యూటర్లో మా హాలు బొమ్మ చూపిస్తే ముచ్చటేసి 50 వేలు అడ్వాన్సు కట్టేశాం. నెల తర్వాత ఫోన్ చేసి, "పర్లాకిమిడి మా సిటీ లిమిట్‌లోకి రాదు మేడం, రవాణా, ఫిట్టర్ల బస కలిపి ఇంకో 65 వేలు అవుతుంది" అన్నారు. ఊరి పేరు మొదటి రోజే రాసిచ్చాం. వద్దనుకుంటే అడ్వాన్సు వెనక్కి రాదని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. మా ఆయన నాలుగుసార్లు తిరిగొచ్చారు, ఆ డబ్బు రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తర్వాత శ్రీకాకుళంలో సొంతంగా పనిచేసుకునే ఒక అమ్మాయి దొరికింది. డ్రాయింగులు మాత్రం ఆమెవి, పని మా ఊరి వడ్రంగిది. అడుగుకి 60 రూపాయలు, అంటే 63 వేలు. మూడుసార్లు మా ఇంటికి వచ్చింది, రానుపోను కారు ఖర్చు ప్రతిసారీ 4 వేలు. మొత్తం 75 వేలు. నేను అడిగిన ముగ్గురూ అడుగుకి 50 నుంచి 100 రూపాయల మధ్యే చెప్పారు కాబట్టి మీ ఇంటికి 60 వేల నుంచి లక్షా 20 వేల దాకా అనుకోండి, రాకపోకల ఖర్చు పైన. వాళ్లకి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకో 18 శాతం కలుస్తుంది. ఆంధ్రా నుంచి వచ్చి ఒడిశాలో ఇంటికి చేస్తే అది బిల్లులో ఐజీఎస్‌టీ అని పడుతుంది, శాతం మాత్రం అదే. కొందరు మొత్తం ఖర్చులో 10 శాతం, 12 శాతం అడుగుతారు. నాకైతే అది నచ్చలేదు. ఖర్చు పెరిగినకొద్దీ వాళ్ల ఫీజూ పెరుగుతుంటే, తక్కువలో అయ్యే దారి మనకెందుకు చెప్తారు?

75 వేలు పెట్టి ఏం కొన్నాం అంటే, ఒక్క సంగతి చెప్తాను. వంటగదిలో గట్టు 34 అంగుళాల ఎత్తు పెట్టడానికి తాపీమేస్త్రి గోడ మీద గీత కూడా గీసేశాడు. ఆ అమ్మాయి వచ్చి, "ఇంట్లో ఎక్కువసేపు వంట చేసేది ఎవరండీ?" అని అడిగింది. మా అత్తగారు. ఆవిడ 4 అడుగుల 10 అంగుళాల మనిషి. "అమ్మా, ఒకసారి ఇలా నిలబడి చెయ్యి మడవండి" అని, నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టి కొలిచింది. 36 అంగుళాలు. దానికి నాలుగు తగ్గించి, పాత గీత పక్కనే 32 దగ్గర కొత్త గీత గీసింది. పాత ఇంట్లో అత్తగారు గరిటె తిప్పేటప్పుడు భుజం పైకెత్తుకుని నిలబడేవారు. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను గానీ అది గట్టు తప్పని నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఆవిడ భుజం నొప్పి మాట ఎత్తడం లేదు.

కొలతల దగ్గరే పెద్ద గండం కూడా వచ్చింది. డ్రాయింగులన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. మన వడ్రంగులు పనిచేసేది అంగుళాలు, సూత్‌ల (అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్కలో. వంటగది గట్టు కింద వరుసలో అయిదు పెట్టెలు, ఒక్కోటి 600 మిల్లీమీటర్ల వెడల్పు. మేస్త్రి దాన్ని రెండడుగులు అనుకున్నాడు. రెండడుగులంటే దాదాపు 610. ఒక్క పెట్టెకి తేడా తెలీదు గానీ, అయిదు కలిసేసరికి దగ్గరదగ్గర రెండంగుళాలు. చివరి పెట్టె గోడలోకి దూరదు! ప్లై కోయకముందే ఫోన్‌లో వీడియో చూసి ఆ అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రే కూర్చుని ప్రతి కాగితం మీద అంగుళాల్లో తిరగరాశాను. మేస్త్రి ఒడియావాడు కాబట్టి పైన, కింద అన్నచోట ఉపొరొ, తొళొ అని ఒడియా అక్షరాల్లో కూడా రాసిపెట్టాను. మీరు డ్రాయింగులు అడిగేటప్పుడే అంగుళాల్లో కావాలని చెప్పేయండి.

ఇక కొటేషన్లు. అడుగుకి ఎంత అని కాకుండా, ఏ అడుగుకి అని అడగాలి. మా బీరువా 8 అడుగుల వెడల్పు, లాఫ్ట్‌తో కలిపి 9 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు. ముందువైపు మాత్రమే కొలిస్తే 72 చదరపు అడుగులు. 1,400 చొప్పున ఒక లక్షా 800 రూపాయలు. ఇంకొకాయన 700కే చేస్తానన్నాడు. సగానికి సగం అని సంబరపడ్డాం. ఆయన లెక్క వేరు: రెండు పక్కలు 36, మధ్య చెక్క 18, అరలు అయిదు 80, ముందువైపు 72, అన్నీ కలిపి 206 అడుగులు. 700 చొప్పున ఒక లక్షా 44 వేల 200. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. ఏ పద్ధతో కాగితం మీద రాయించుకోండి చాలు.

ప్లై విషయంలో రాజీ పడొద్దు, కనీసం సింకు కింద. ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి. 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడకూడదని ఆ ప్రమాణం. రెండు షాపుల నుంచి ముక్కలు తెచ్చి పెరట్లో కట్టెలపొయ్యి మీద మరిగించాం. అదే సరుకని చెప్పి ఒకాయన ఇచ్చిన ముక్క మూడు గంటలకే అంచుల దగ్గర విచ్చుకుంది. రెండోది రాత్రంతా ఉంచినా కదల్లేదు. ముద్ర షీటు మీదే ఉండాలి, బిల్లు మీద రాస్తే కుదరదు. ఆంధ్రా నుంచి తెప్పించుకుంటే, 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు కావాలి, షాపువాళ్లనే తీయమనండి.

చివరికి మాకు డిజైనర్‌కి 75 వేలు, సామానుకి 3 లక్షల 85 వేలు, కూలికి లక్షా 55 వేలు, వెరసి 6 లక్షల 15 వేలు అయ్యింది. ఆ కంపెనీ లెక్కలో రెండు బెడ్రూముల ఫాల్స్ సీలింగ్ కూడా ఉంది, మేం హాల్లో మాత్రమే చేయించాం. తేడాలో కొంత దానిదే. టైమ్ మూడున్నర నెలలు పట్టింది. రోజూ ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చింది, ఆ టెన్షన్ తక్కువేం కాదు.

మీది రెండు బీరువాలు, ఒక టీవీ యూనిట్ పని మాత్రమే అయితే డిజైనర్ అక్కర్లేదు, మంచి వడ్రంగి చాలు. వంటగది కొత్తగా చేయిస్తుంటే మాత్రం పెట్టుకోండి, అదీ గట్టు పోయకముందే, కరెంటు పైపులు వేయకముందే. రాయగడకి విజయనగరం నుంచి నేరుగా రైళ్లున్నాయి కాబట్టి అక్కడో, దారిలో పార్వతీపురంలోనో వెతికితే రాకపోకల ఖర్చు మాకన్నా తక్కువే పడొచ్చు. వంటగది పొడవు వెడల్పులు, కిటికీ ఏ గోడకి ఉందో, వంట చేసేవారి ఎత్తు ఎంతో కింద రాయండి. మా డ్రాయింగులు దాచే ఉంచాను, చూసి చెప్తాను.